నంబరు వేసిన ఖాళీ జాగా

లేనిదాన్ని ఉన్నట్టు చేయడం దేవుడి వల్ల కూడా కాదంటారు. అలా అన్నవాళ్ళు మా పెద్దవాగుపల్లి పసుపు యార్డుకు ఎన్నడూ వచ్చి ఉండరు. ఇక్కడ ఒక తేమ మీటరు ఉంది. దానికి సర్కారు నంబరుంది, కొలతలిచ్చి కుట్టించిన తొడుగుంది, దసరాకు పూజ ఉంది. మీటరు ఒక్కటే లేదు. దాన్ని తయారు చేసింది నేనే కనుక ఈ సంగతి చెప్పే అర్హత నాకుంది.

మొదట ఉత్తర్వు వచ్చింది. పంట నాణ్యతా సంచాలనాలయం వారు పంపారు. "ఇకమీదట పసుపులోని తేమను మనిషి చేతితో గానీ, కంటితో గానీ, చెవితో గానీ నిర్ణయించరాదు. యంత్రము మాత్రమే నిర్ణయించవలెను. తేమ మీటరు తగిలించని కంప్యూటరు వేలం చీటీ జారీ చేయరాదు." చెవి మాట ఎందుకొచ్చిందంటే, మా దగ్గర వ్యాపారులు పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరుస్తారు. బాగా ఎండిన కొమ్ము టంగుమంటుంది. తడి కొమ్ము చప్పుడు చేయకుండా వంగుతుంది. ఇంత అనాగరికమైన పద్ధతి ఈ కాలంలో కూడా సాగడం సంచాలనాలయానికి తలవంపులుగా తోచింది.

ఉత్తర్వు వెనక కంప్యూటరు వచ్చింది. కంప్యూటరు వెనక ప్రారంభోత్సవానికి ముహూర్తం వచ్చింది. మీటర్లు మాత్రం టెండరులో ఉన్నాయి.

యార్డు కార్యదర్శి విశ్వంభరరావు గారు నన్ను గదిలోకి పిలిచారు. నేను ఏజెన్సీ తరఫున వచ్చిన కంప్యూటరు మనిషిని. ఇంకెవరి పోస్టులోనో పని చేస్తాను. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

"శ్రీకర్, ఎల్లుండి ముఖ్య అతిథి గారు మీట నొక్కుతారు," అన్నారాయన. "నొక్కిన వెంటనే అంకె రావాలి. అంకె ఎక్కడి నుంచి వచ్చింది అనేది సాంకేతిక అంశం. సాంకేతిక అంశాలు నీ పరిధిలోకి వస్తాయి."

"మీటరు లేకుండా కంప్యూటరు ముందుకు కదలదు సర్."

"మీటరు లేదని కంప్యూటరుకు ఎవరు చెప్పారు?"

ఆలోచిస్తే ఆ ప్రశ్నలో న్యాయముంది. కంప్యూటరులో ఒక లోపలి గది ఉంటుంది. దాన్ని కెర్నల్ అంటారు. యంత్రాలతో మాట్లాడే అధికారం దానికి మాత్రమే ఉంటుంది. మనం వాడే ప్రోగ్రాములన్నీ బయట వరండాలో కూర్చుని, ఏం కావాలన్నా కిటికీలోంచి దానికి అర్జీ పెట్టుకోవాలి. అయితే ఈ కెర్నల్ మా కార్యదర్శి గారి లాగే గది దాటి బయటికి రాదు. ఎవరొచ్చారో కళ్ళతో చూడదు. "ఎవరక్కడ?" అని అడుగుతుంది. "తేమ మీటరునండీ, ఫలానా కంపెనీ, ఫలానా నంబరు" అని పద్ధతిగా జవాబొస్తే రాసుకుంటుంది. కాలేజీలో రాని స్నేహితుడి తరఫున "ప్రెజెంట్ సర్" అన్నవాడికి ఇంతకంటే వివరించనక్కర్లేదు. నేను చేసిందల్లా, ఆ జవాబు చెప్పడానికి వరండాలో ఒక చిన్న ప్రోగ్రామును కూర్చోబెట్టడమే.

తేమ పది శాతం లోపుంటే పసుపు మొదటి రకం. మరీ తడిదైతే చీటీయే రాదు. అందుకని నా ప్రోగ్రాము చేత తొమ్మిదిన్నర అనిపించాను. ఎప్పుడూ ఒకే అంకె చెబితే బాగుండదని, ఒకసారి తొమ్మిది పాయింట్ నాలుగు, ఒకసారి పాయింట్ ఆరు అనేట్టు కాస్త తడబాటు కూడా నేర్పాను. ముఖ్య అతిథి గారు మీట నొక్కారు. అంకె వచ్చింది. చప్పట్లు మోగాయి. ఆ తడబాటు చూసి కార్యదర్శి గారు కూడా ముచ్చటపడ్డారు.

అది అక్కడితో ఆగిపోయేదే. కానీ మా స్టోర్ కీపర్ భూమేశ్వర్ గారు నిద్రపోయే మనిషి కాదు. కంప్యూటరు తెర మీద "తేమ మీటరు తగిలి ఉంది" అని చూసి మర్నాడు పొద్దున్నే నా దగ్గరికొచ్చారు.

"తమ్మీ, మీటరు వచ్చిందట గదా. నా స్టాకుల ఎక్కలె. నంబరు వెయ్యాలె. ఏడున్నది?"

"అది ప్రోగ్రాము అన్నా. వస్తువు కాదు."

"కంప్యూటరు ఉన్నదంటున్నది. ఉన్నదానికి నంబరు వెయ్యకుంటె నా మీదికొస్తది. పొడుగు, వెడల్పు చెప్పు."

"ఎనభై లైన్లుంటుంది."

"లైన్లు గాదు, అంగుళాలల్ల చెప్పు."

చివరికి టెండరు కాయితంలో రాసిన కొలతలు తీసుకుని, టేబులు మీద సుద్దముక్కతో ఒక చతురస్రం గీశారు. పెయింటరొచ్చి దాని మధ్యలో తెల్ల రంగుతో "పె.యా/తే.మీ/1" అని వేశాడు. రంగు తడిగా ఉండగా ముట్టుకోవద్దని చెప్పి పోయాడు. ఆనాటి నుంచి ఆ జాగాలో టీ గ్లాసు పెట్టడం నిషిద్ధం. ఒకసారి మర్చిపోయి నా టిఫిను డబ్బా పెడితే, భూమేశ్వర్ గారు పసిపిల్ల మీదికి సైకిలెక్కించినట్టు అరిచారు.

కొన్న ప్రతి యంత్రానికీ దుమ్ము తొడుగు ఉండాలని నియమం. యార్డు గేటు ముందు గోనెసంచులు కుట్టే దర్జీ నీలి గుడ్డతో తొడుగు కుట్టిచ్చాడు. లోపల ఏమీ లేక అది కూలబడిపోతుంటే, భూమేశ్వర్ గారు ఇనుప తీగె వంచి బోను లాంటిది చేయించి దాని మీద తొడిగారు. అప్పుడు చూడాలి దాని దర్జా. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ టేబులు దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు.

దసరా ఆయుధపూజలో జీపుకు, ప్రింటరుకు, కాటాలకు బొట్లు పెట్టి, తొడుగు తీసి చతురస్రానికీ పెట్టారు. ఊరందరి పసుపూ అమ్ముడయ్యే యార్డు కదా, పసుపుకు కరువు లేదు. నిమ్మకాయ కూడా పెట్టబోతే భూమేశ్వర్ గారు ఆపారు. మధ్యలో పెడితే అది మీటరు మీద పెట్టినట్టా, కడుపులో పెట్టినట్టా అని ఆయనకు అనుమానమొచ్చింది. పక్కన పెట్టమన్నారు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. పసుపు సీజను మొదలయ్యాక కథ మారింది.

రైతులు కుప్పలు పోశారు. కొమ్ములు తెచ్చి టేబులు దగ్గర చూపిస్తే నేను మీట నొక్కాలి, చీటీ రావాలి. అందరిదీ తొమ్మిదిన్నర. ఉడకబెట్టి నాలుగు రోజులే ఎండబోసిన వాడిదీ తొమ్మిదిన్నర, నెల రోజులు ఎండలో తిప్పిపోసిన వాడిదీ తొమ్మిదిన్నర. యార్డు చరిత్రలో తడి పసుపన్నది లేకుండా పోయిందని సంచాలనాలయం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. కార్యదర్శి గారు దాన్ని ఫ్రేము కట్టించారు.

వ్యాపారులు మొదట్లో చీటీ చూసి మంచి ధరకు కొన్నారు. గోదాములో పసుపు బూజు పట్టాక చీటీలు చూడటం మానేశారు. చెవి దగ్గర విరుద్దామంటే నిషేధం. అందుకని తెలివిగా అందరిదీ తడి పసుపే అనుకుని పాడటం మొదలుపెట్టారు. ఏడ్చినా, నవ్వినా అందరికీ ఒకటే ధర.

ఆ ధరకు ఇవ్వనన్నది ఒక్క సాయవ్వ.

సాయవ్వకు కౌలు చేను తప్ప ఇంకేం లేదు. ఏడాది కష్టమంతా ఆ ఒక్క కుప్ప. ఆమె నేరుగా కార్యదర్శి గారి గది గడప దగ్గర నిలబడింది.

"సారూ, నా కొమ్ము ఇరిస్తె టంగుమంటది. నా పక్క కుప్ప పోశెట్టిది వంచితె వంగుతది. ఇద్దరిదీ ఒక్కటే లెక్క ఎట్ల జెప్తది మీ మిషిను?"

కార్యదర్శి గారు కళ్ళజోడు తీసి చిరునవ్వు నవ్వారు. "చూడమ్మా, యంత్రానికి బంధుప్రీతి ఉండదు. అందరినీ సమదృష్టితో చూస్తుంది. సమానత్వం వద్దంటావా?"

"సమానం వద్దంటలేను సారూ. నాది సూడుమంటున్న."

"చూసే అధికారం నాకు లేదు. ఉత్తర్వులో కన్ను నిషేధించారు."

ఆమె పోయి తన కుప్ప పక్కనే చద్దరు పరుచుకుని కూర్చుంది. నిజం చెప్పే మిషను వచ్చేదాకా పసుపు కదలదంది. చిక్కేమిటంటే కుప్పలు పోసే షెడ్డు రేకులకు చిల్లులు. బాగుచేయించే ఫైలు ఎక్కడో నడుస్తోంది. అకాల వర్షం ఒక్కటి పడిందంటే, ఆమె నెల రోజులు ఎండబెట్టింది పూటలో తడుస్తుంది. అప్పుడు అందరిదీ తడి పసుపే అన్న వ్యాపారుల మాట ఆమె విషయంలోనూ నిజమవుతుంది. నేను ఆ దారిన పోయినప్పుడల్లా ఆమె ఆకాశం వైపు చూస్తూ కనిపించేది. నేను తల పక్కకు తిప్పుకుని నడిచేవాణ్ణి. ఆ ఎనభై లైన్లు రాసింది నేనే కదా.

ఇంతలో టెండరు పండి అసలు మీటరు వచ్చింది. పెట్టె విప్పాను. బంగారం లాంటి మిషను. కొమ్ము ముక్కలు గిన్నెలో వేసి మూత బిగిస్తే అసలు తేమ చెబుతుంది. వైరు పట్టుకుని కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాను. భూమేశ్వర్ గారు అడ్డం నిలబడ్డారు.

"ఆగు తమ్మీ. యార్డుకు మంజూరైంది ఒక్క మీటరు. ఆ ఒక్కటి ఆల్రెడీ డ్యూటీల ఉన్నది. పాతది కండెమ్ కాంది కొత్తది పెడితె ఆడిటోళ్ళు నన్ను బతకనియ్యరు."

"పాతది నేనిప్పుడే ఆపేస్తానన్నా. ఒక్క మాట టైపు చేస్తే చాలు."

"ఆపితె మీటరు కనవడకుంట పోయినట్టు. సర్కారు సొత్తు పోయిందంటె పోలీస్ కేసు. ఆఖరికి చూసింది నువ్వే."

"నేను చూడలేదు. దాన్ని ఎవరూ చూడలేదు."

"ఠాణాల గదే జెప్పు."

ఇక మిగిలింది కండెమ్నేషన్ ఒక్కటే. పరికరం బాగుచేయలేనంతగా చెడిపోయిందని తనిఖీ అధికారి రాసివ్వాలి. సంచాలనాలయం నుంచి పరాంకుశం గారు వచ్చి మా గెస్టుహౌసులో దిగారు. నెమ్మదైన మనిషి. నిజాయితీపరుడు కూడా. ఎవరి దగ్గరా కాఫీ అయినా తాగరని ప్రతీతి.

భూమేశ్వర్ గారు తొడుగు తీసి, తీగె బోను పక్కన పెట్టారు. పరాంకుశం గారు కళ్ళజోడు మార్చుకున్నారు. చతురస్రం చుట్టూ తిరిగారు. వంగి చూశారు. టార్చి వేసి చూశారు. చూపుడువేలితో అంచు వెంట రాసి, వేలిని వెలుతురులో పరిశీలించారు.

"తుప్పు లేదు," అన్నారు. మా గుమాస్తా రాసుకున్నాడు. "గీతలు లేవు. పగులు లేదు. వైర్లు ఎక్కడా తెగలేదు. దుమ్ము కూడా లేదు. నా సర్వీసులో ఇంత చక్కగా నిర్వహించిన పరికరాన్ని నేను చూడలేదు. దీన్ని కండెమ్ చేయడం ప్రజాధనానికి ద్రోహం."

భూమేశ్వర్ గారికి కళ్ళు చెమ్మగిల్లాయి.

నేను ఉండబట్టలేకపోయాను. "సర్, అక్కడ ఏమీ లేదు."

పరాంకుశం గారు నా వైపు జాలిగా చూశారు. "ఏమీ లేకపోతే నంబరు ఎలా ఉంది నాయనా?"

కెర్నల్‌ను నేను మోసం చేసింది కూడా సరిగ్గా ఆ తర్కంతోనే.

ఆ సాయంత్రం దక్షిణం వైపు మబ్బు కమ్మింది. సాయవ్వ చద్దరు తీసి కుప్ప మీద కప్పింది. చద్దరెంత, కుప్పెంత. ఆమె కొంగు కూడా కప్పబోతుంటే చూడలేక నేను కార్యదర్శి గారి దగ్గరికెళ్ళాను.

"సర్, కొత్త మీటరును పాత మీటరు స్థానంలో పెట్టొద్దు. పాత మీటరుకు సహాయకుడిగా పెడదాం. కంప్యూటరు ఎప్పటిలాగే పాతదాన్నే అడుగుతుంది. పాతది కొత్తదాన్ని అడిగి, అది చెప్పిన అంకెను తన అంకెగా పైకి పంపుతుంది."

విశ్వంభరరావు గారి ముఖం వికసించింది. "అంటే పని కొత్తది చేస్తుంది. హోదా పాతదానికే ఉంటుంది."

"అవును సర్."

"ఇది ప్రభుత్వ పద్ధతికి పూర్తిగా అనుగుణంగా ఉంది. డిప్యుటేషన్ ఉత్తర్వు రాస్తాను. ముందే చెప్పొద్దూ?"

నా పోస్టు యజమాని ఎవరో, ఎక్కడున్నాడో తలుచుకుంటూ నేను వరండాలోని ప్రోగ్రాముకు నాలుగు లైన్లు చేర్చాను. మర్నాడు పొద్దున అసలు మీటరును చతురస్రం మీద పెట్టి, పైన బోను, తొడుగు వేశాను. కొలత సరిగ్గా సరిపోయింది.

మొదటి వంతు, రెండో విడత కొమ్ములు తెచ్చిన పోశెట్టిది. తొడుగు, బోను కాస్త ఎత్తి కొమ్ము ముక్కలు గిన్నెలో వేశాను. పద్నాలుగు పాయింట్ రెండు. చీటీ రాలేదు.

"ఇన్ని దినాలు అందరికి తొమ్మిదిన్నర జెప్పి, నా కాడికొచ్చేటాల్లకు పద్నాలుగా?" అన్నాడు పోశెట్టి. "మిషిను ఖరాబైంది సార్." కాసేపు గొణిగి, ఎండబోసుకోవడానికి కొమ్ములు కళ్ళంలోకి మోయించుకుపోయాడు.

కంప్యూటరు అంకెలన్నీ నేరుగా సంచాలనాలయం తెర మీద పడతాయి. వెంటనే ఫోనొచ్చింది. నెలల తరబడి నిలకడగా ఉన్న పరికరం ఉన్నట్టుండి నిలకడ కోల్పోయిందని, కారణం తేలేదాకా చీటీలు ఆపమని చెప్పారు. పరాంకుశం గారు అప్పటికే ఊరెళ్ళడానికి పెట్టె సర్దుకున్నారు. దాన్ని వదిలి టేబులు దగ్గరికొచ్చారు. ఆయన వెనక కార్యదర్శి గారు, భూమేశ్వర్ గారు. గుమ్మంలో, చెంగులో కొమ్ములు పట్టుకుని సాయవ్వ. తర్వాతి వంతు ఆమెదే. బయట ఉరుము వినిపించింది.

నేను తొడుగు తీశాను. బోను తీశాను. పరాంకుశం గారు కళ్ళజోడు మార్చుకుని వంగి చూశారు.

"ఏమిటిది?"

"కొత్త తేమ మీటరు సర్. డిప్యుటేషన్ మీద..."

"దీన్ని ఎక్కడ పెట్టారు?" ఆయన మీటరు కిందికి వేలు చూపించారు. "నిన్న నేను స్వయంగా పరీక్షించిన పరికరం. గీత లేదు, పగులు లేదు. దాని నెత్తి మీద ఇంత బరువు పెడతారా? ఇలా మోపితే ఏ యంత్రం సరిగ్గా చెబుతుంది?"

ఆయన చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. అంకెలు మారడానికి కారణం ఆ పైన పెట్టిందే. సర్వీసులో నేను చూసిన తనిఖీలన్నింటిలో తప్పు ఇంత కచ్చితంగా పట్టుకున్నది ఇదొక్కటే.

"తీసేయండి దాన్ని," అన్నారు. "ఎక్కడైనా పెట్టుకోండి, సర్కారు పరికరం మీద మాత్రం కాదు."

"కింద పెట్టొచ్చా సర్?"

"కింద పెట్టు నాయనా. నేల ఎవరిదీ కాదు."

వైరు పీకకుండా మీటరును జాగ్రత్తగా టేబులు కింద, నేల మీద పెట్టాను. పరాంకుశం గారు కుర్చీ లాక్కుని టేబులు ముందు కూర్చున్నారు. ఆయన కాళ్ళ పక్కనే మీటరు. భూమేశ్వర్ గారు పంచె కొంగుతో చతురస్రాన్ని తుడిచి, ఎక్కడా నలగలేదని నిట్టూర్చారు.

నేను సాయవ్వను పిలిచాను. కొమ్ములు అందుకుని, విరిచి, టేబులు కింద దూరి గిన్నెలో వేసి మూత బిగించాను. మీట నొక్కాను.

ఏడు పాయింట్ ఎనిమిది.

ప్రింటరు కదిలి చీటీ బయటికొచ్చింది. పరాంకుశం గారు తెర వంక చూసి, నెమ్మదిగా అందరి వంకా తల తిప్పారు.

"చూశారా," అన్నారు. "బరువు తీయగానే పద్నాలుగు నుంచి ఏడుకు దిగింది. ఇక నుంచి దీని మీద గడ్డిపరక పెట్టినా నాకు రిపోర్టు రావాలి."

కార్యదర్శి గారు, "తమరి సాంకేతిక పరిజ్ఞానం," అంటూ చేతులు జోడించారు. పరాంకుశం గారు అక్కడే సంతకం చేశారు, పరికరం కోలుకుందని, చీటీలు యథావిధిగా ఇవ్వవచ్చని.

సాయవ్వ చీటీ తీసుకుని షెడ్డుకు నడిచింది. సీజనంతా తొమ్మిదిన్నర తప్ప చూడని వ్యాపారులు ఆ అంకె చూసి గుమిగూడారు. వాళ్ళలో ఒకడు దొంగచాటుగా ఒక కొమ్ము చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. ఆ చప్పుడు నాకు టేబులు దాకా వినిపించింది. పాట పైకి పోతూనే ఉంది. చివరికి ఆమె కుప్ప ఆ సీజనులో ఎవరూ వినని ధరకు పోయింది. హమాలీలు ఆఖరి సంచి ఎత్తి గోదాములో వేశాక వాన కురిసింది. రేకుల చిల్లుల్లోంచి నీళ్ళు కారి, కుప్ప ఉండిన చోటంతా పచ్చటి మడుగైంది.

తడుస్తూనే సాయవ్వ మళ్ళీ నా టేబులు దగ్గరికొచ్చింది. పరాంకుశం గారు ఇంకా కుర్చీలోనే కూర్చుని, వాన తగ్గాలని చూస్తున్నారు.

"అది ఏడున్నది బిడ్డా?" అని నన్ను మెల్లగా అడిగింది.

నేను కళ్ళతో టేబులు కిందికి చూపించాను.

సాయవ్వ మోకాళ్ళ మీద వంగి, కొంగున మిగిలిన చిటికెడు పసుపు తీసి మీటరు నుదుట పెట్టింది. తల నేలకానించి దండం పెట్టుకుంది.

పరాంకుశం గారు ఉలిక్కిపడి కాళ్ళు దగ్గరికి తీసుకున్నారు. తర్వాత సర్దుకుని, చేయెత్తి, "శుభమస్తు తల్లీ, లే," అన్నారు. "ఇందులో నాదేముంది, నా డ్యూటీ నేను చేశాను."